పాత డిజైన్ టైల్స్‌ని కొత్త గదిలో కలపడం ఎలా

పూలు, నక్షత్రాలు, గళ్లు ఉన్న పాతకాలపు టైల్స్ మీద మళ్లీ అందరికీ మోజు పుట్టింది. గదంతా వాటితో నింపేయడం లేదు, చుట్టూ పెద్ద సాదా టైల్స్ వేసి మధ్యలోనో, ఒక గోడకో మాత్రం ఆ పాత డిజైన్ పెడుతున్నారు. కుదిరితే చూడ్డానికి చాలా బాగుంటుంది. కుదరకపోతే మాత్రం రెండు వేరే ఇళ్ల నుంచి ముక్కలు తెచ్చి అతికించినట్టు ఉంటుంది, పైగా గోడ రంగులా నచ్చలేదని వచ్చే ఏడాది మార్చేసుకునే వస్తువు కాదిది, పగలగొట్టాల్సిందే. అందుకే కొనకముందు నుంచి గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపే ముద్ద) ఆరేదాకా ఏ పని ఎప్పుడు చేయాలో వరసగా రాస్తున్నాను. నేను చూసినంతలో తప్పు మొదలయ్యేది ఎక్కువగా ఒకే చోట: షాపులో ఒక్క టైల్ చూసి నిర్ణయం తీసేసుకోవడం.

ముందుగా, పదహారు టైల్స్ పరిచి చూడండి

పాత డిజైన్లలో చాలావాటికి ఒక్క టైల్‌లో బొమ్మ పూర్తవదు. చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. ఒక మూలన పువ్వులో పావు వంతు, ఎదురు మూలన నక్షత్రం కొస, అంచు మధ్యలో సగానికి తెగిన ఆకు. నాలుగు టైల్స్‌ని తిప్పి కలిపితే పువ్వు పూర్తవుతుంది. పదహారు పరిస్తే ఆ పువ్వు కూడా వెనక్కిపోయి, మూల నుంచి మూలకు వాలుగా సాగే గళ్లు ముందుకొస్తాయి. మీ గదిలో రోజూ కనిపించేది ఆ వాలు గళ్లే, షాపులో మీరు ముచ్చటపడిన పువ్వు కాదు.

1904లో స్పెయిన్ ఆర్కిటెక్ట్ ఆంటోని గౌడీ బార్సిలోనాలోని కాసా బట్లో అనే ఇంటి కోసం ఒక ఆరు భుజాల టైల్ గీశాడు, చివరికి దాన్ని అక్కడే ఉన్న కాసా మిలా అనే ఇంకో భవనంలో వేశారు. ఒకే రంగు, పైన సముద్రపు జీవుల ఆకారాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఆ డిజైన్ పూర్తిగా కనపడాలంటే ఏడు టైల్స్ కలవాలి. అంతకు 200 ఏళ్ల ముందే, 1704లో, ఫ్రాన్స్‌లో సెబాస్టియన్ ట్రూషే ఇంకా సులువైన టైల్ గురించి రాశాడు: చతురస్రానికి మూల నుంచి మూలకు ఒక గీత, ఒక సగం ఒక రంగు, ఇంకో సగం ఇంకో రంగు, అంతే. దాన్ని నాలుగు రకాలుగా తిప్పి పెట్టొచ్చు, ఆ తిప్పడంతోనే లెక్కలేనన్ని డిజైన్లు వస్తాయి. ఇప్పుడు సగం నలుపు, సగం తెలుపుతో వస్తున్న మోడరన్ టైల్స్‌లో చాలావరకు ఇదే. పాతదీ కొత్తదీ అని మనం విడదీస్తాం గానీ, టైల్ అన్నది ఎప్పుడూ గుంపులో చూడాల్సిన వస్తువే.

కాబట్టి షాపులో కనీసం తొమ్మిది, వీలైతే పదహారు టైల్స్ నేల మీద పరిపించండి. అన్ని లేవంటే ఒక టైల్‌ని సరిగ్గా పైనుంచి ఫొటో తీసి, ఫోన్‌లో పదహారుసార్లు అతికించి చూడండి, లేదా అసలు సైజులో ప్రింట్లు తీయించి ఇంట్లో పేర్చండి. వంగి చూడొద్దు. పది అడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు కాస్త చికిలించి చూడండి, అప్పుడు ఏ గీత ముందుకొస్తే అదే మీ నేల రూపం.

తర్వాత, ఏ పాతకాలం కావాలో తేల్చుకోండి

"వింటేజ్ లుక్" అని అడిగితే అన్నీ కలిపి చూపిస్తారు, అవన్నీ ఒకటి కావు. సిమెంట్ టైల్స్ 19వ శతాబ్దం నడుమ నుంచి వచ్చినవి, పోర్ట్‌లాండ్ సిమెంట్, హైడ్రాలిక్ ప్రెస్ వచ్చాక. వీటిని కాల్చరు, రంగు కలిపిన సిమెంట్‌ని అచ్చులో పోసి నొక్కి, తడిలో ఉంచి గట్టిపడనిస్తారు. విరిగిన ముక్కని పక్కనుంచి చూస్తే పైన కొద్ది మిల్లీమీటర్ల మందంలో రంగు పొర, కింద బూడిద రంగు దిమ్మ కనిపిస్తాయి. రంగు పైపూత కాదు గనక ఏళ్ల తరబడి నడిచినా డిజైన్ చెరిగిపోదు, మెత్తబడి నునుపెక్కుతుంది. ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ మింటన్ అనే తయారీదారు చేయించినవి వేరే రకం, వాటిలో ఒక రంగు బంకమట్టిలో ఇంకో రంగు బంకమట్టిని పొదిగి కాలుస్తారు. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్ నేల అలాంటిదే, వాషింగ్టన్‌లో క్యాపిటల్ భవనానికి 1856 నుంచి మింటన్ టైల్సే వేశారు.

ఈ రెండూ నేలకి. గోడకైతే పోర్చుగల్‌లో అజులేజోలు అనే రంగు బొమ్మల టైల్స్, నెదర్లాండ్స్ డెల్ఫ్ట్ టైల్స్, టర్కీలో 16వ శతాబ్దపు ఇజ్నిక్ టైల్స్, మొరాకోలోని ఫెజ్ జెలీజ్ ఉన్నాయి. డెల్ఫ్ట్‌ది నాకు ప్రత్యేకంగా ఇష్టం. సుమారు 13 సెంటీమీటర్ల తెల్ల చతురస్రం, నడుమ చిన్న నీలి బొమ్మ, మూలల్లో చిన్న గుర్తు, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీ వల్లే అది మోడరన్ గదిలో ఇట్టే ఇమిడిపోతుంది. జెలీజ్‌లో అయితే ఒక్కో ముక్కకీ ఒకటే రంగు, చేత్తో చెక్కినవి, గ్లేజ్, అంటే గాజులా మెరిసే పైపూత, ఒక్కోచోట ఒక్కోలా పడి ఉంటుంది, వెలుతురు తగిలితే గోడంతా నీళ్లలా కదులుతున్నట్టు అనిపిస్తుంది. మొదటిసారి కలిపేవాళ్లకి నేను చెప్పేది జెలీజ్‌తోనే మొదలుపెట్టమని: గోడకి ఒకే రంగు జెలీజ్, నేలకి పెద్ద సాదా టైల్. దాదాపు తప్పు పోదు.

కొత్త వైపు సరుకు తక్కువ రకాలే: విట్రిఫైడ్ అని కూడా అనే పెద్ద సాదా పోర్సిలిన్ పలకలు, సిమెంట్ గచ్చులా కనిపించేవి, చెక్కలా కనిపించేవి, వెనిస్ నుంచి వచ్చి ఇప్పుడు కొత్తదిగా చెలామణి అవుతున్న, రాతి ముక్కలు చుక్కల్లా కనిపించే టెరాజో, 1904లో న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో వేసిన మూడు అంగుళాలకి ఆరు అంగుళాల తెల్ల సబ్‌వే టైల్. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, టెరాజోలో ఉన్నవి చుక్కలే అయినా అది కూడా డిజైనే. పూల టైల్ పక్కన దాన్ని వేస్తే రెండూ పోట్లాడుకుంటాయి.

రెండిటికీ ఒక చుట్టరికం కలపండి

పాతది, కొత్తది పక్కపక్కన నిలవాలంటే రెండిట్లో ఏదో ఒకటి ఉమ్మడిగా ఉండాలి. రంగు కావచ్చు, సైజు కావచ్చు, గ్రౌట్ కావచ్చు. వీటిలో రంగే ఎక్కువ పనిచేస్తుంది, కానీ అందరూ తీసుకునే రంగు తప్పు. నీలి పువ్వు ఉంది కదా అని నీలి సాదా టైల్ తెస్తారు. అలా కాదు, డిజైన్ టైల్‌లో అన్నిటికంటే లేత రంగు, అంటే పువ్వు వెనక ఉన్న నేపథ్యపు రంగు చూసి, సాదా టైల్‌ని దానికి దగ్గరగా ఎంచుకోండి. అప్పుడు సాదా నేలలోంచి పువ్వు మెల్లగా పైకి తేలినట్టు ఉంటుంది, రెండిటి మధ్య గట్టు కట్టినట్టు ఉండదు.

తెలుపుతో మరీ జాగ్రత్త. పాత డిజైన్లలో తెలుపు నిజానికి తెలుపు కాదు, కాస్త పసుపో, కాస్త బూడిదో కలిసి ఉంటుంది. దాని పక్కన మెరిసే పాలతెలుపు వేస్తే పాత టైల్ మాసిపోయినట్టు కనిపిస్తుంది, ఎంత కడిగినా అంతే. షాపు లైట్ల కింద ఈ తేడా తెలియదు. ఒక్కో రకంలో రెండేసి టైల్స్ ఇంటికి తెచ్చుకుని, అదే గదిలో పొద్దున ఒకసారి, రాత్రి లైట్లు వేశాక ఒకసారి చూడండి.

ఇక సైజు. ఇక్కడ ఒక లెక్క ఉంది, దీన్ని ముందు చూసుకోక చాలామంది సగం పనిలో ఇరుక్కుంటారు. డిజైన్ టైల్ 20 సెంటీమీటర్లు, సాదా టైల్ 60, మూడు ఇరవైలు అరవై కాబట్టి జాయింట్లు, అంటే టైల్స్ మధ్య సందులు, వాటంతటవే కలుస్తాయనుకుంటాం. కలవవు. రెండు మిల్లీమీటర్ల జాయింట్ పెడితే మూడు చిన్న టైల్స్ 606 మిల్లీమీటర్లు తీసుకుంటాయి, ఒక పెద్ద టైల్ 602. ఒక్కో పెద్ద టైల్‌కి నాలుగు మిల్లీమీటర్లు జరుగుతూ పోతుంది, ఐదు టైల్స్ దాటేసరికి రెండు సెంటీమీటర్లు. గీతలు కలిసినట్టే ఉండి కలవకపోవడం కంటికి చాలా చిరాకు. పైగా పెట్టె మీద 60 అని ఉన్నా అసలు కొలత కాస్త తక్కువుండొచ్చు, టేపుతో కొలిచి చూసుకోండి. దీనికి తేలిక పరిష్కారం ఏమిటంటే గీతలు కలపాలనే ప్రయత్నమే మానేయడం: రెండిటి మధ్య ఒక సన్నటి బోర్డర్‌నో, ఇత్తడి పట్టీనో పెట్టండి. పట్టీకి అటువైపు గీతలకీ ఇటువైపు గీతలకీ ఇక లెక్క ఉండదు.

చోటుని బట్టి సరుకు, అందులో మందం ముఖ్యం

నిజమైన సిమెంట్ టైల్ నీళ్లు పీల్చుకుంటుంది, ఆమ్లం తగిలితే మచ్చ పడుతుంది, నిమ్మరసం చుక్క చాలు. ఎప్పుడూ తడిగా ఉండే చోట, లేదా మీకు వెంటనే తుడిచే ఓపిక లేని చోట అదే డిజైన్ ప్రింట్ చేసిన పోర్సిలిన్, అంటే విట్రిఫైడ్ రకం తీసుకోండి, అది నీళ్లు 0.5 శాతానికి మించి పీల్చదు. ప్రింట్ టైల్ తక్కువదేం కాదు, కానీ ఒక ప్రశ్న తప్పక అడగండి: ఈ డిజైన్‌లో ఎన్ని ఫేస్‌లు (ఒకదానికొకటి కాస్త తేడాగా ఉండే ప్రింట్లు) ఉన్నాయి? అరిగినట్టు, పెచ్చులూడినట్టు చూపించే డిజైన్‌లో ఫేస్ ఒకటే ఉంటే అదే అరుగు, అదే మరక ప్రతి టైల్‌లోనూ అదే చోట కనిపిస్తుంది, పాతదనం కాస్తా తేలిపోతుంది. ఎక్కువ ఫేస్‌లున్నది తీసుకుని, పరిచేటప్పుడు నాలుగైదు పెట్టెలు విప్పి కలిపి వాడమనండి. పెట్టె మీద వీ1 నుంచి వీ4 దాకా గుర్తు ఉంటే అది షేడ్ తేడా. వీ1 అన్నీ ఒకేలా ఉంటాయని, వీ4 బాగా తేడాలుంటాయని. తడి నేలకి మాత్రం జారుడు రేటింగ్ చూడకుండా తీసుకోవద్దు, ఆర్10 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి.

మందం సంగతి ఎవరూ ముందు చెప్పరు. సిమెంట్ టైల్ సుమారు 16 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది, పోర్సిలిన్ ఎనిమిది నుంచి పది. రెండిటినీ ఒకే బెడ్డు (టైల్స్ కింద వేసే సిమెంట్ పొర) మీద వేస్తే పక్కపక్కన ఒక సెంటీమీటర్ మెట్టు వస్తుంది, కాలి బొటనవేలికి రోజూ తగులుతుంది. సన్న టైల్ వేసే చోట బెడ్డునే ఆ మేరకి ఎత్తు లేపాలి. ఇది టైల్స్ వచ్చాక చెప్పే మాట కాదు, బెడ్డు వేయకముందే మేస్త్రీ చేతిలో రెండు రకాల టైల్స్ పెట్టి చూపించాలి.

కొనేటప్పుడు విస్తీర్ణానికి మించి సాదా టైల్స్ పది శాతం, డిజైన్ టైల్స్ పదిహేను శాతం ఎక్కువ తీసుకోండి. డిజైన్ టైల్‌ని కోస్తే మిగిలిన ముక్క ఇంకో చోట పనికిరావడం అరుదు, అందుకే ఆ ఎక్కువ. అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబర్, షేడ్ నంబర్ ఒకటే ఉన్నాయో లేదో దించుకునేటప్పుడే చూడండి.

జిగురు లేకుండా ఒకసారి మొత్తం పరవండి

ఈ పనికి ఒక రోజు పడుతుంది, దయచేసి ఆ రోజు మిగుల్చుకోవాలని చూడకండి.

పాత సిమెంట్ టైల్ నేలలని గమనిస్తే ఒక తెలివైన ఏర్పాటు కనిపిస్తుంది. మధ్యలో తివాచీ పరిచినట్టు డిజైన్, దాని చుట్టూ బోర్డర్, గోడకీ బోర్డర్‌కీ మధ్య సాదా టైల్స్. అది అందం కోసం మాత్రమే కాదు. ఏ గదికీ గోడలు నిక్కచ్చిగా ఉండవు, ఒక వైపు నాలుగు మీటర్లుంటే ఎదురు వైపు రెండు సెంటీమీటర్లు తక్కువ ఉంటుంది. ఆ వంకరంతా సాదా టైల్స్ మీదికి పోతుంది, కోతలన్నీ వాటిలోనే పడతాయి, డిజైన్ మాత్రం ఒక్క టైల్ కూడా తెగకుండా నిండుగా ఉంటుంది. కొత్త గదికి కూడా ఇంతకన్నా మంచి ప్లాన్ నాకు తెలియదు. చుట్టూ పెద్ద సాదా పలకలు, మధ్యలో పాత తివాచీ.

తివాచీ సైజుని అడుగుల్లో ఆలోచించకండి, టైల్స్ సంఖ్యలో ఆలోచించండి. నాలుగు టైల్స్‌తో ఒక పువ్వు పూర్తయ్యే డిజైన్ అయితే రెండు వైపులా సరి సంఖ్యే రావాలి, లేకపోతే ఒక అంచున సగం పువ్వు మిగులుతుంది. బోర్డర్‌కి మూల టైల్ విడిగా వస్తుంది, నాలుగే కావాలి కదా అని నాలుగే కొనకుండా ఆరు తీసుకోండి.

ముందు గది మధ్యలో రెండు దారాలు అడ్డంగా, నిలువుగా కట్టండి. అవి సరిగ్గా మూలమట్టంగా ఉన్నాయా అన్నది తేల్చడానికి, కలిసే చోటు నుంచి ఒక దారం మీద 90 సెంటీమీటర్లు, ఇంకో దారం మీద 120 గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలవండి, 150 రావాలి. రాకపోతే ఒక దారాన్ని జరపండి. తర్వాత సందులు ఒకేలా ఉంచే స్పేసర్లు మధ్యలో పెట్టి టైల్స్ అన్నీ పరిచి, తలుపు దగ్గర నిలబడి చూడండి, ఎందుకంటే గదిలోకి వచ్చేవాళ్లకి మొదట కనపడేది అక్కడినుంచే. తివాచీ గది మధ్యకి ఉండాలా, తలుపుకి ఎదురుగా ఉండాలా, లేక రోజూ కూర్చునే చోటికి సరిపోవాలా అన్నది అప్పుడే తేలుతుంది. గోడల వెంట వచ్చే ముక్కలు టైల్‌లో సగానికంటే తక్కువ రాకుండా చూసుకోండి. అటూ ఇటూ జరిపితే చాలావరకు సర్దుకుంటుంది. నచ్చాక పైనుంచి ఫొటో తీసి, డిజైన్ టైల్స్ వెనక పెన్సిల్‌తో నంబర్లు వేయండి. మార్కర్ వద్దు, సిమెంట్ టైల్‌లో ఇంకు పైకి పాకి కనిపించే ప్రమాదం ఉంది.

అతికించేటప్పుడు పక్కనే ఉండండి

బెడ్డు గట్టిగా, పొడిగా, సమంగా ఉండాలి, రెండు మీటర్ల పట్టీ పెట్టి చూస్తే ఎక్కడా మూడు మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు. తడి గది అయితే వాటర్‌ప్రూఫింగ్ ముందే అయిపోవాలి. అడ్హెసివ్‌ని పళ్ల తాపీతో ఒకే దిశలో గీసి, పెద్ద టైల్స్‌కి, సిమెంట్ టైల్స్‌కి వెనక కూడా పలచగా పూయాలి. నాలుగు మూలల్లో ముద్దలు పెట్టి నొక్కేస్తే కింద డొల్ల మిగిలిపోతుంది, ఏదైనా బరువు పడితే సరిగ్గా అక్కడే పగులుతుంది. అడపాదడపా ఒక టైల్ లేపించి వెనక అంతా అంటుకుందో లేదో చూడండి, మేస్త్రీ ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి.

సిమెంట్ టైల్‌ని రబ్బరు సుత్తితో కూడా కొట్టకూడదు. కొడితే వెంట్రుక మందం పగుళ్లు వస్తాయి, అప్పుడు కనపడవు, గ్రౌట్ వేశాక రంగు అందులోకి దిగి అప్పుడు బయటపడతాయి. అరచేతులతో నొక్కి సర్దాలి. పైన అడ్హెసివ్ పడితే ఆ నిమిషంలోనే తడి స్పాంజితో తుడవాలి. పొడుగు టైల్స్‌ని ఇటుకల వరసలా వేస్తుంటే సగానికి సగం జరపొద్దు, మూడో వంతు జరపండి. పొడుగు పలకలు మధ్యలో కొద్దిగా విల్లులా ఉంటాయి, సగానికి జరిపితే ఒకదాని ఎత్తు పక్కదాని పల్లం పక్కన పడి కాలికి తెలుస్తుంది. గోడ వెంట ఐదారు మిల్లీమీటర్ల సందు వదలండి, స్కర్టింగ్ కింద అది కనపడదు.

గ్రౌట్

నా పెద్ద పొరపాటు ఇక్కడే జరిగింది, చెబుతాను. లేత క్రీమ్ రంగు మీద బూడిద, నలుపు నక్షత్రాలున్న సిమెంట్ టైల్స్ వేయించాను. నక్షత్రం గీతలకి సరిపోతుందని ముదురు బూడిద గ్రౌట్ తెచ్చాను, మరకలు లోపలికి దిగకుండా పైన కొట్టే సీలర్ చివర్లో ఒకేసారి కొడదామనుకున్నాను. గ్రౌట్ పాముతున్నప్పుడు బాగానే ఉంది. తుడిచాక చూస్తే క్రీమ్ రంగంతా మసి పట్టినట్టు అయిపోయింది, ఆ రంగు టైల్ రంధ్రాల్లోకి దిగిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని మూడు రోజులు సన్నటి తడి ఇసుక కాగితంతో ఒక్కో టైలూ రుద్దితే చాలావరకు పోయింది, కిటికీ పక్కన రెండు వరసల్లో ఇప్పటికీ ఉంది, సాయంత్రం ఏటవాలు వెలుతురులో కనపడుతుంది.

కాబట్టి సిమెంట్ టైల్ అయితే అతికించి, బాగా ఆరనిచ్చి, శుభ్రంగా తుడిచి, ముందు ఒక చేయి సీలర్ కొట్టండి. ఆ తర్వాతే గ్రౌట్. అది ఆరాక మళ్లీ సీలర్. తెల్లటి ఉప్పు పొడిలాంటిది పైకి తేలుతుంటే అది ఆగేదాకా సీలర్ కొట్టొద్దు, కొడితే ఉప్పు లోపలే చిక్కుకుంటుంది. ఏ గ్రౌట్ అయినా ముందు మిగిలిన టైల్ మీద పామి, ఒక రోజు ఆగి చూడండి.

రంగు విషయంలో, డిజైన్ టైల్‌కి గ్రౌట్ కనపడకూడదు, నేపథ్యపు రంగుకి దగ్గరగా ఉండాలి. నాలుగు టైల్స్ కలిసి ఒక పువ్వు అవుతున్నప్పుడు మధ్యలో ముదురు గీత పడితే పువ్వు నాలుగు ముక్కలైపోతుంది. సబ్‌వే టైల్‌కి దీనికి పూర్తి వ్యతిరేకంగా వెళ్లొచ్చు, తెల్ల టైల్‌కి ముదురు గ్రౌట్ వేస్తే ఆ గీతలే డిజైన్ అవుతాయి. జాయింట్ వెడల్పు జెలీజ్‌కి ఒకటి రెండు మిల్లీమీటర్లు, అంచులు మెషిన్‌తో సమం చేసిన పోర్సిలిన్‌కి రెండు మూడు. రెండు రకాల టైల్స్‌కీ ఒకే గ్రౌట్ రంగు కుదిరితే ఇందాక చెప్పిన చుట్టరికం ఇక్కడ కూడా కలుస్తుంది.

నిజంగా పాత టైల్స్ దొరికితే

కూల్చేసిన భవనాల నుంచి తీసిన టైల్స్ దొరికితే ముందు మందాన్ని బట్టి మూడు కుప్పలు చేయండి, ఒకే నేలవి అయినా తేడాలుంటాయి. వెనక అంటుకున్న పాత సిమెంట్‌ని ఉలితో మెల్లగా తీయాలి. నేల మీద నల్లటి పాత జిగురు ఉంటే మాత్రం గ్రైండర్ పెట్టొద్దు, అందులో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, పరీక్ష చేయించాకే ముట్టుకోండి. గదికి సరిపడా దొరకడం కష్టం, కానీ ఇరవై ముప్పై ఉన్నా చాలు, గుమ్మం ముందు చిన్న తివాచీలా వేసి చుట్టూ కొత్త సాదా టైల్ పరవొచ్చు. అరుగుదల ఉన్న వాటిని మధ్యలో, మూలలు చెదిరిన వాటిని అంచుల్లో పెట్టండి.

పని అయ్యాక వారం దాకా బరువైన సామాను ఈడ్చొద్దు. తుడవడానికి ఆమ్లం లేని, పీహెచ్ న్యూట్రల్ క్లీనర్ వాడండి. మిగిలిన టైల్స్‌లో ఒక పెట్టె దాచి, దాని మీద గ్రౌట్ కంపెనీ, షేడ్ నంబర్, సీలర్ పేరు, వేసిన తేదీ రాసి పెట్టుకోండి.